పసిబిడ్డ మెదడు, చెవి: స్కాన్ ఎంతవరకు చెబుతుంది?

మెదడు కుడి, ఎడమ భాగాలను కలిపే నరాల కట్ట పేరు కార్పస్ కలోసమ్. పుట్టిన కొద్ది వారాలకు తీసిన ఎమ్మారైలో అది లేదనో, సగమే ఉందనో తేలిందనుకోండి. తల్లిదండ్రులకు కావలసింది ఆ కట్ట వివరం కాదు. పాప నడుస్తుందా, మాట్లాడుతుందా, బడికి వెళ్తుందా అన్నది. ఈ ప్రశ్నకు స్కాన్ ఒక్కటే జవాబు చెప్పలేదనడానికి కెనడాలో దొరికినంత గట్టి రుజువు ఇంకెక్కడా దొరకదేమో. ఇదే లోపం కనిపించే రెండు అరుదైన జన్యువ్యాధులను అక్కడి వైద్యులే తొలిసారి గుర్తించి రాశారు. వాటితో పుట్టిన పిల్లల బతుకులు మాత్రం ఒకదానితో ఒకటి పోలవు.

మొదటిది ఆండర్‌మన్ సిండ్రోమ్. మాంట్రియల్‌కు చెందిన ఆండర్‌మన్ దంపతులు, వారి సహచరులు 1972లో దీన్ని వర్ణించారు. క్యూబెక్‌లోని సాగనే, లాక్-సాన్-ఝాన్ ప్రాంతంలో ప్రతి 23 మందిలో ఒకరు ఈ జన్యులోపానికి వాహకులు. ఈ జబ్బుతో పుట్టిన చాలామందిలో కార్పస్ కలోసమ్ ఉండదు. అయితే అసలు నష్టం అక్కడ జరగదు, కాళ్లూ చేతుల నరాల్లో జరుగుతుంది. పిల్లలు ఆలస్యంగా నడక నేర్చి, టీనేజీలోనే దాన్ని పోగొట్టుకుని చక్రాల కుర్చీకి చేరతారు. చాలామందికి ముప్పైల్లోనే ఆయువు తీరుతుంది. ఇంకో చిక్కుంది. ఇదే జబ్బున్న కొందరిలో కార్పస్ కలోసమ్ చక్కగా ఉంటుంది. జబ్బు మాత్రం తగ్గదు.

రెండోది చడ్లీ–మెకల్లో సిండ్రోమ్. 1997లో విన్నిపెగ్ జన్యువైద్యుడు ఆల్బర్ట్ చడ్లీ, ఆయన సహరచయితలు ఒక కుటుంబంలోని తోబుట్టువుల గురించి రాశారు. పుట్టుకతో రెండు చెవులూ వినపడవు, మెదడు లోపలి గదుల్లో నీరు చేరి అవి ఉబ్బిపోయాయి. తర్వాత మరిన్ని కుటుంబాలు బయటపడ్డాయి, వాటిలో మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు చెప్పుకోదగినన్ని. ఈ పిల్లల మెదడు స్కాన్ చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. కార్పస్ కలోసమ్ సగమే ఉంటుంది. మెదడు ముందు భాగపు పొర చిన్న చిన్న మడతలతో గజిబిజిగా ఉంటుంది. బూడిద పదార్థం ఉండకూడని చోట పేరుకుంటుంది. చిన్నమెదడు ఆకారం తప్పుతుంది, నీటి తిత్తులూ ఉంటాయి. ఇంత చూసిన డాక్టరు ఈ బిడ్డ మీద ఆశ పెట్టుకోవద్దని చెబితే తప్పు పట్టలేం. అయినా ఆ మాట తప్పే. వినికిడి లోపాన్ని పక్కన పెడితే ఈ పిల్లల్లో ఎక్కువమంది ఎదుగుదలలో పెద్ద ఇబ్బంది లేకుండానే పెరుగుతారు.

దీనికి మూలం జీపీఎస్‌ఎం2 అనే జన్యువని 2012లో తేలింది. ఎనిమిది కుటుంబాలను పరీక్షించిన ఆ పరిశోధనలో చడ్లీ రాసిన తొలి కుటుంబమూ ఉంది. అంతకు రెండేళ్ల ముందే ఇదే జన్యువును ఒక పాలస్తీనా కుటుంబంలో కనుగొన్నారు. అప్పుడది వినికిడి లోపం తప్ప మరే లక్షణమూ లేని జబ్బుగా నమోదైంది. ఎందుకంటే వాళ్లను చూసిన ఎవరికీ మెదడు స్కాన్ తీయించాలన్న ఆలోచన రావడానికి కారణం కనిపించలేదు. తర్వాత తీస్తే ఆ మెదడులోనూ ఇవే మార్పులు ఉన్నాయి! చెవి డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లకు చెవి జబ్బు అయింది, మెదడు డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లకు మెదడు జబ్బు అయింది. జన్యువు మాత్రం ఒకటే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. స్కాన్‌కు ఏ ప్రశ్న వేస్తున్నామో తెలిసి వేస్తే అది అద్భుతంగా జవాబిస్తుంది. బిడ్డ భవిష్యత్తు చెప్పమంటే మాత్రం అది జాతకం చూసినంత పనే. పైగా చెవికీ మెదడుకూ ఒకేసారి తీసిన స్కాన్‌లో కనిపించే రెంటి విలువా ఒకటి కాదు.

లోపలి చెవి తల్లి కడుపులో సగం నెలలు నిండేసరికే పెద్దవాళ్ల పరిమాణానికి వచ్చేస్తుంది. శబ్దాన్ని గ్రహించే కాక్లియా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది, ఒళ్లు తూలకుండా చూసే అర్ధవృత్తాకార నాళాలు మూడు ఉంటాయి. బిడ్డ పుట్టేనాటికి వీటి తీరు ఖాయమైపోతుంది. లేని నాళం తర్వాత రాదు. కాబట్టి నెలల బిడ్డ చెవి స్కాన్ దాదాపు ఆఖరి మాటే. మెదడు అలా కాదు. పుట్టినప్పుడు అది పెద్దవాళ్ల మెదడులో సుమారు మూడో వంతు, రెండేళ్లకు 80 శాతం దాటుతుంది. నరాల మీద కొవ్వు తొడుగు ఇంకా ఏర్పడుతూ ఉంటుంది కాబట్టి, పెద్దవాళ్ల స్కాన్‌లో తెల్లగా కనిపించే భాగం నవజాత శిశువులో నల్లగా ఉంటుంది. ఆరు నుంచి పది నెలల మధ్య రెండు రంగులూ కలిసిపోయి పొర మడతల్లోని చిన్న లోపాలు కంటికి ఆనవు. ఆ వయసులో తీసిన స్కాన్ బాగుందంటే దాన్ని పూర్తిగా నమ్మడం కష్టం. అందుకే అనుమానం ఉన్నచోట అంతకు ముందో, లేదా రెండేళ్లు దాటాకో మళ్లీ తీస్తారు. రెండోసారి స్కాన్ అడిగారంటే మొదటివాళ్లకు చేతకాలేదని కాదు.

బొమ్మే రోగనిర్ధారణ అయిన సందర్భాలూ లేకపోలేదు. దానికి మేటి ఉదాహరణ కూడా మాంట్రియల్‌దే. 1969లో మేరీ జూబేర్, ఆమె సహచరులు ఒక ఫ్రెంచ్ కెనడియన్ కుటుంబంలోని తోబుట్టువులను వర్ణించారు. ఆ పిల్లలు కాసేపు కుక్కపిల్లలా గబగబా ఊపిరి పీల్చేవారు, కళ్లు అదుపులో ఉండేవి కావు, ఒళ్లు తూలేది. చిన్నమెదడు నడిమి భాగం వాళ్లలో ఎదగలేదు. అప్పట్లో ఎమ్మారై లేదు, సీటీ కూడా లేదు. మెదడు ఆకారం చూడాలంటే వెన్నులోంచి నీరు తీసి, గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ పరీక్ష బాధ పెద్దవాళ్లే ఓర్చుకోలేకపోయేవారు. ఇప్పుడు జూబేర్ సిండ్రోమ్‌ను ఎమ్మారైలో ఒక్క అడ్డకోతలో పట్టేస్తున్నారు. మెదడు కాండం దగ్గర దవడపన్ను ఆకారం కనిపిస్తుంది. 1997 నుంచి దాన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

అయితే దవడపన్ను కనిపించిందంటే జబ్బు పేరు తెలిసిందనే అర్థం. జబ్బు ఏ దారిలో పోతుందో తెలియదు. నలభైకి పైగా జన్యువులు ఇదే ఆకారాన్ని తెప్పించగలవు. కొన్నింటిలో మూత్రపిండాలు చెడతాయి, కొన్నింటిలో కంటిపొర, కొన్నింటిలో కాలేయం. ఏ అవయవాన్ని ఎన్నాళ్లకోసారి చూడాలో చెప్పేది జన్యు పరీక్షే. ఫ్రెంచ్ కెనడియన్లలో ఈ సిండ్రోమ్ వెనకున్న జన్యువుల కోసం మాంట్రియల్‌లోనే వెతికారు. ఒకే పూర్వీకుడి నుంచి ఒకే లోపం వచ్చి ఉంటుందనుకుంటే తీరా చూశాక అనేక జన్యువులు తేలాయి.

ఇన్ని అరుదైన జబ్బులు క్యూబెక్‌లోనే ఎందుకు? పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఫ్రాన్స్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లు సుమారు 8,500 మంది. తర్వాతి జనాభాలో పెద్ద భాగం వాళ్ల సంతానమే. దగ్గరి చుట్టాలు పెళ్లాడకపోయినా కొన్ని తరాల వెనక్కి వెళ్తే ఒకరికొకరు చుట్టాలవుతారు. తెలుగునాట ఇదే ఫలితం మేనరికం వల్ల, మేనమామ పెళ్లిళ్ల వల్ల వస్తుంది. కారణం వేరైనా లెక్క ఒకటే. తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. క్యూబెక్‌లో నాలుగు జబ్బులకు వాహక పరీక్ష ఉచితంగా చేస్తున్నారు. ఆండర్‌మన్ సిండ్రోమ్, సాగనే ప్రాంతపు లీ సిండ్రోమ్, షార్లెవ్వా–సాగనే కండరాల బిగుసు జబ్బు, టైరోసినీమియా. మొదటి మూడూ మెదడు స్కాన్‌తో ముడిపడినవే. టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో ఉన్న తెలుగు దంపతులను జన్యు సలహాదారు "మీరిద్దరూ చుట్టాలా?" అని అడిగితే కొందరు మొహమాటపడి లేదంటారు. దయచేసి అలా అనొద్దు. ఏ జన్యువులను ముందు వెతకాలో తేల్చడానికి ఆ సమాధానం సాయపడుతుంది.

ఇక చెవి సంగతి. టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రి కాక్లియర్ ఇంప్లాంట్లకు పేరున్న చోటు. శస్త్రవైద్యుడు బ్లేక్ పాప్సిన్, రేడియాలజిస్టు సూసన్ బ్లేజర్ తదితరులు 2007లో ఒక సూటి ప్రశ్న వేసుకున్నారు. ఇంప్లాంటుకు ముందు సీటీ తీయాలా, ఎమ్మారై తీయాలా, రెండూనా? జవాబు ఊహించదగ్గదే. ఒకదానిలో దొరికిన లోపం రెండోదానిలో దొరకకపోవచ్చు. సీటీలో ఎముక స్పష్టంగా కనిపిస్తుంది. లోపలి చెవి నుంచి మెదడు వైపు వెళ్లే సన్నని ఎముక కాలువలు, ముఖాన్ని కదిలించే నరం దారి, చెవి చుట్టూ ఉండే సిరలు ఇందులో తేలతాయి. సెకన్లలో అయిపోతుంది, మత్తు అక్కర్లేదు. కానీ ఎక్స్‌రే కిరణాలు తప్పవు. పసివాళ్లకు వాటి మోతాదు తగ్గించాలని 2008 నుంచి ఉత్తర అమెరికాలో పెద్ద ఉద్యమమే నడుస్తోంది. ఎమ్మారైలో కిరణాల బాధ లేదు, మెదడూ నాడులూ కనిపిస్తాయి. సమయం ఎక్కువ పడుతుంది, బిడ్డ కదలకూడదు.

ఆ నాడుల్ని ఎలా చూస్తారో చెప్పాలి, అసలు విషయమంతా అక్కడే ఉంది. చెవి నుంచి మెదడుకు వెళ్లే కాలువ వ్యాసం నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి అడ్డంగా ఏటవాలు కోత తీస్తే తెల్లని నీటి మధ్య నాలుగు నల్లని చుక్కలు కనిపిస్తాయి. ముందు పైన ముఖనాడి, ముందు కింద శ్రవణ నాడి, వెనక రెండు సమతౌల్య నాడులు. ముందు కింద ఉండాల్సిన చుక్క లేకపోతే? కాక్లియా చక్కగా ఉన్నా, దాంట్లో ఎంత ఖరీదైన ఇంప్లాంటు పెట్టినా, సంకేతం మెదడుకు చేరే దారి లేనట్టే, లేదా బాగా సన్నగిల్లినట్టే. వినికిడి పరీక్షల్లో ఈ బిడ్డ, ఓటోఫెర్లిన్ జన్యులోపం ఉన్న బిడ్డ ఒకేలా కనిపించవచ్చు. చెవిలోని కణాలు స్పందిస్తాయి, మెదడు స్పందించదు. కానీ ఓటోఫెర్లిన్ బిడ్డకు నాడి ఉంటుంది, ఇంప్లాంటు బాగా పనిచేస్తుంది. 2024లో చైనా వైద్యులు అదే జన్యువును చెవిలోకి ఎక్కించి, ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి వినికిడి రప్పించారు. ఇద్దరు బిడ్డలనూ వేరు చేసేది ఆ ఒక్క చుక్క. స్కాన్‌కు ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తట్టడం లేదు.

నాడి లేకపోవడం మెదడు జబ్బుకు ఆనవాలూ కావచ్చు. మెదడు కాండం వెనక టోపీలాంటి బుడిపె ఏర్పడే ఒక అరుదైన లోపంలో శ్రవణ నాడులు సన్నగా ఉంటాయి, లేదా అసలే ఉండవు. చెవి కోసం తీసిన స్కాన్‌లో మెదడు కాండాన్ని చూడకుండా వదిలేస్తే ఇది దొరకదు. కాక్లియా చుట్లు విడిపోయినట్టు కనిపిస్తే మెడ, చెవి, మూత్రపిండాలకు కలిసి వచ్చే బ్రాంకియో-ఓటో-రీనల్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. దాని చెవి ఎముక లక్షణాలను సిక్‌కిడ్స్ బృందం 2005లో వివరంగా నమోదు చేసింది. చెవి బొమ్మ చూసి కిడ్నీ స్కాన్‌కు పంపడం విడ్డూరంగా అనిపించినా అది సరైన పనే.

చెవి, మెదడు ఒకేసారి చూడాల్సిన జబ్బుల్లో ముందు వరసలో ఉండేది ఛార్జ్ సిండ్రోమ్. దీని జన్యువు సీహెచ్‌డీ7ను 2004లో నెదర్లాండ్స్‌లో కనుగొన్నారు. కెనడాలో హాలిఫాక్స్‌లోని ఐడబ్ల్యూకే ఆసుపత్రి పిల్లల వైద్యురాలు కిమ్ బ్లేక్ దశాబ్దాలుగా ఈ పిల్లల వెంట ఉన్నారు. 2005 నాటి కెనడా అధ్యయనంలో అత్యధికంగా నమోదైన రేటు 8,500 కాన్పులకు ఒకటి. ఈ బిడ్డల చెవి స్కాన్‌లో అర్ధవృత్తాకార నాళాలు పూర్తిగా మాయమవుతాయి. చూసిన రేడియాలజిస్టు మరిచిపోలేని బొమ్మ అది. మెదడు స్కాన్‌లో వాసన నాడుల బుడిపెలు ఉండవు.

ఈ బిడ్డ ఏడాది దాటినా కూర్చోదు, రెండేళ్లు దాటినా నడవదు. చూపు, వినికిడి కూడా తక్కువైతే బుద్ధిమాంద్యమని తేల్చేస్తారు. నిజానికి నాళాలు లేని బిడ్డకు తల నిటారుగా పట్టుకోవడమే ఒక కసరత్తు. ఒరిగిపోతున్నానని చెప్పే అవయవమే లేదు మరి. నడక ఆలస్యానికి కారణం మెదడులో కాదు, చెవిలో ఉందని ఆ బొమ్మ చెబుతుంది. ఇలాంటి స్కాన్ రిపోర్టును ఫిజియోథెరపిస్టు కూడా చదవాలి. మామూలుగా ఆ కాగితం అక్కడిదాకా వెళ్లదు.

ఛార్జ్ పిల్లలకు మత్తు ప్రమాదం. హాలిఫాక్స్ బృందం 2009లో లెక్క చూస్తే మత్తు ఇచ్చిన సందర్భాల్లో సుమారు మూడో వంతులో తర్వాత ఊపిరి ఇబ్బందులు వచ్చాయి. కాబట్టి మత్తు ఇవ్వక తప్పనప్పుడు చేయాల్సినవన్నీ ఒకేసారి ముగించాలన్నది వాళ్ల సలహా. మెదడు ఎమ్మారై ఒక రోజు, చెవి ఎమ్మారై ఇంకో రోజు పెట్టడం ఈ పిల్లల విషయంలో నిర్లక్ష్యమే.

మత్తు లేకుండా తీయడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. మూడు నెలల లోపు బిడ్డను కాసేపు ఆకలితో ఉంచి, స్కాన్ గది పక్కనే కడుపునిండా పాలిచ్చి, గుడ్డలో బిగుతుగా చుట్టి, గాలి తీస్తే గట్టిపడే సంచిలో పడుకోబెడతారు. పాలు తాగిన మైకంలో ముప్పావు గంట నిద్రపోతుంది. యంత్రం చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది కనుక చెవుల్లో ప్లగ్గులు, పైన మూతలు పెడతారు. వినపడని బిడ్డకు మూతలెందుకని అడిగేవాళ్లు ఉంటారు. మిగిలి ఉన్న కాస్త వినికిడి ఎంతో ఇంకా తెలియదు, దాన్ని పోగొట్టే హక్కు ఎవరికీ లేదు. ఈ పద్ధతి ఆరు నెలలు దాటితే పనిచేయడం కష్టం. అందువల్ల వెయిటింగ్ లిస్టులో పోయిన ప్రతి నెలా బిడ్డను మత్తు వైపు నెడుతుంది.

మత్తు మీద తల్లిదండ్రుల భయం 2016 చివర్లో పెరిగింది. మూడేళ్ల లోపు పిల్లలకు పదే పదే, లేదా మూడు గంటలకు మించి మత్తు ఇవ్వడంపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అప్పుడు హెచ్చరిక జారీచేసింది. కెనడా సహా ఏడు దేశాల్లో 722 మంది పసివాళ్లతో చేసిన అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. పసితనంలో గంట లోపు మత్తు పొందినవాళ్లకు ఐదేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదు. ఒక్క మత్తుకు భయపడి అవసరమైన స్కాన్ మానుకోనక్కర్లేదు. పుట్టు చెవుడుతో పాటు గుండె లయ తప్పే జెర్వెల్, లాంగే-నీల్సన్ జబ్బు మాత్రం వేరే సంగతి. మత్తులో ఆ బిడ్డ గుండె ఆగిపోవచ్చు. ముందుగా ఒక్క ఈసీజీ తీస్తే అనుమానం తీరుతుంది. అది ఎమ్మారై కంటే ఎన్నో రెట్లు చవక, అయినా తీయడం మరిచిపోతుంటారు.

స్కాన్ ముందా, జన్యు పరీక్ష ముందా అన్న పాత వాదనను ఒంటారియో కొంతవరకు తీర్చేసింది. 2019లో ఆ రాష్ట్రం నవజాత శిశువు మడమ నుంచి తీసే రక్తపు చుక్కలోనే సైటోమెగలో వైరస్‌ను, వినికిడి లోపానికి కారణమయ్యే జీజేబీ2, ఎస్‌ఎల్‌సీ26ఏ4 జన్యులోపాలను వెతకడం మొదలుపెట్టింది. ప్రపంచంలో ఇలా చేసిన మొదటి ప్రాంతం అదే. జీజేబీ2 అని తేలితే చెవి ఆకారం ఇంచుమించు ఎప్పుడూ బాగానే ఉంటుంది, సీటీకి తొందరపడనక్కర్లేదు. ఎస్‌ఎల్‌సీ26ఏ4 అయితే లోపలి చెవిలోని ఒక కాలువ వెడల్పయి ఉంటుంది. తలకు దెబ్బ తగిలితే మిగిలిన వినికిడి పోవచ్చు. పిల్లలంతా హాకీ ఆడే దేశంలో ఈ కబురు చిన్నది కాదు. వైరస్ అయితే తొలి నెలలోనే మందు మొదలుపెట్టాలి, మెదడు చూడటం అత్యవసరం. పైగా వైరస్ మెదడులో చేసే నష్టం కొన్ని జన్యువ్యాధులను అచ్చంగా పోలి ఉంటుంది. ఎండిన ఆ రక్తపు చుక్క లేకపోతే ఏడాది తర్వాత రెంటినీ విడదీయడం చాలా కష్టం.

తొందర ఎందుకంటే మెదడు ఆగదు. రెండు చెవులకూ ఇంప్లాంట్లు కావాల్సిన బిడ్డకు ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఏడాదిన్నర మించితే మెదడు మొదటి చెవి వైపే మొగ్గుతుందని సిక్‌కిడ్స్ శాస్త్రవేత్త కరెన్ గోర్డన్ బృందం 2013లో చూపింది. ఇంప్లాంటులో అయస్కాంతం ఉంటుంది. ఒకసారి పెట్టాక మెదడు ఎమ్మారై తీస్తే ఆ పక్కంతా నల్లని మచ్చ పడుతుంది. మెదడును చూడాల్సింది అంతకు ముందే.

ఇదంతా టొరంటోలో ఉన్నవాళ్లకు. 2019–20 లెక్కల ప్రకారం కెనడా మొత్తం మీద 378 ఎమ్మారై యంత్రాలు ఉంటే ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంతంలో ఒక్కటీ లేదు. దాని రాజధాని ఇకాలుయిట్‌లో పుట్టిన బిడ్డ ఒట్టావాకు విమానంలో వెళ్లాలి. ఒంటారియో ఉత్తరాన జేమ్స్ బే ఒడ్డున ఉన్న మూస్ ఫ్యాక్టరీ ఆసుపత్రికి 2021లో ఒక చక్రాల ఎమ్మారై వచ్చింది. మామూలు గోడ ప్లగ్గుకు పెడితే పనిచేస్తుంది. అయస్కాంత బలం 0.064 టెస్లా, పెద్దాసుపత్రుల యంత్రాలది 1.5, 3. మెదడు గదుల్లో నీరు పెరుగుతోందా అన్నదానికి అది జవాబు చెప్పగలదు. చడ్లీ–మెకల్లో బిడ్డకు నెలనెలా ఆ కొలత తీయాల్సి వస్తే విమానం తప్పుతుంది. శ్రవణ నాడి ఉందా లేదా అన్నది ఆ యంత్రానికి అందని ప్రశ్న. దానికి దక్షిణానికి వెళ్లాల్సిందే. వెళ్లే ముందు ఈసీజీ, జన్యు పరీక్షకు రక్తం ఊళ్లోనే అయిపోయి ఉంటే ఆ ఒక్క ప్రయాణంలోనే మెదడు, చెవి స్కాన్లు రెండూ పూర్తవుతాయి.